సగం నజ్మీ

నజ్మీ ఉస్తా తీసిన ఫోటోలో మనిషి సగమే పడతాడు, ఫౌంటెన్ మాత్రం నిండుగా పడుతుంది. ఆయన గురించి ఇంతకంటే చెప్పుకోవలసిందేమీ లేదనుకునేవాళ్ళు ఇస్తాంబుల్‌లో మా నార్లీ వీధి నిండా ఉండేవారు. పాతికేళ్ళలో ఆయన కెమెరా ముందు నిలబడనివాడు ఆ వీధిలో లేడు. ఆ ఫోటోల్లో రెండు చెవులూ దక్కినవాడూ లేడు. అందుకని చాటున అందరూ ఆయన్ని సగం నజ్మీ అనేవారు. ఎదురుపడితే మాత్రం "ఉస్తా" అనేవారు. చేతిపనిలో ఆరితేరినవాణ్ణి అక్కడ అలా పిలుస్తారు.

ఫౌంటెన్ అన్నానని నీళ్ళు ఆకాశంలోకి చిమ్మే రకం అనుకోకండి. అది గదంత పాలరాతి కట్టడం. నాలుగు పక్కలా గోడకి నడిమిన ఒక్కో కుళాయి, పైన గొడుగులా ముందుకు వచ్చిన చూరు, ఆ పైన సీసపు గుమ్మటం. గోడలనిండా పాలరాతి కుండీలు, కుండీల్లో దానిమ్మ పళ్ళు. కొన్ని పళ్ళు పగిలి గింజలు కూడా కనిపించేలా చెక్కి పెట్టాడు ఎవరో మహానుభావుడు. ఆ గింజల్ని లెక్కపెట్టినవాళ్ళు మా వీధిలో నలుగురున్నారు. నలుగురి లెక్కా నాలుగు రకాలు. ఆ తగాదా తాతల కాలంనుంచీ నడుస్తూనే ఉంది.

ఫౌంటెన్ ఎదురుగా జెలాల్ టీ కొట్టు. "టీకి రంగు నేనిస్తాను, రుచి అదిస్తుంది" అని కుళాయివైపు చెయ్యి చూపించేవాడు జెలాల్. పక్క వీధివాడెవడైనా వచ్చి కూర్చుంటే గ్లాసు ఇస్తూ, "తాగు తమ్ముడూ, ఇవాళైనా నీళ్ళు తాగు. మీ వీధి నీళ్ళతో మేం కాళ్ళు కూడా కడగం" అనేవాడు. పక్క వీధివాడు ఉడుక్కునేవాడే కానీ, రెండో గ్లాసు అడక్కుండా లేచేవాడు కాదు. అంతటి ఫౌంటెన్ అది.

నజ్మీ ఉస్తా కెమెరా ఒక చెక్కపెట్టె. మూడు కర్రకాళ్ళు, వెనక నల్లగుడ్డ తొడుగు. ఫోటో కడగడం కూడా ఆ పెట్టెలోనే. ముందు కాగితంమీద తలకిందుల రంగుల్లో బొమ్మ వస్తుంది: ముఖం నలుపు, మీసం తెలుపు. ఆ కాగితాన్ని కెమెరా ముందున్న పలకకు ఆనించి, దాన్నే మళ్ళీ ఫోటో తీస్తాడు. అప్పుడు మనిషి మనిషిలా తయారవుతాడు. ఊళ్ళో మిగతా ఫోటోగ్రాఫర్లు ఆ మొదటి కాగితాన్ని నలిపి అవతల పారేసేవారు. నజ్మీ ఉస్తా దాన్ని ఆరబెట్టి హల్వా డబ్బాల్లో దాచుకునేవాడు. ఇండియానుంచి వచ్చి నేను అద్దెకున్న గది కింద హల్వా కొట్టు ఉండేది. ఖాళీ డబ్బాలన్నీ ఆయనకే.

కెమెరా కాళ్ళు పెట్టడానికి ఆయన రోడ్డు రాళ్ళ సందుల్లో మూడు ఇత్తడి మేకులు దిగ్గొట్టుకున్నాడు. ఎండైనా వానైనా, సుల్తాను వచ్చి అడిగినా సరే, కెమెరా ఆ మేకులమీదే. అక్కడితో అయిందా? జేబులోంచి ముడివేసిన దారం తీసి, కెమెరా కన్నునుంచి నడిమి కుళాయి మీదున్న దానిమ్మదాకా లాగి కొలిచేవాడు. రోజూ కొలిచేవాడు. రాతి ఫౌంటెన్ రాత్రికి రాత్రి ఎక్కడికైనా నడిచి వెళ్ళిపోతుందేమోనన్నట్టు కొలిచేవాడు.

"ఏం ఉస్తా, దానికి చొక్కా కుట్టిస్తున్నావా?" అని జెలాల్ కొట్లోంచి కేకేసేవాడు.

"నీ నోటికి కుట్టిస్తాను, కొలతిస్తావా?"

ఒకసారి మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు తవ్వి రాళ్ళు మార్చారు. మేకులు పోయాయి. నాలుగు రోజులు నజ్మీ ఉస్తా ఫోటోలు తీయలేదు. దారం పట్టుకుని, మోకాళ్ళమీద పాకుతూ, ఆ పాత మూడు చోట్లూ వెతికాడు. మేస్త్రీ ఓపిక పట్టాడు, పట్టాడు, చివరికి, "పెద్దాయనా, జానెడు ఇటు పెడితే ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు.

"నీ ముక్కు జానెడు ఇటు పెడితే నీకేమవుతుంది?" అన్నాడు ఉస్తా, తల ఎత్తకుండానే.

ఇక ఆయన ముందు నిలబడ్డవాళ్ళ అవస్థ చూడాలి. ఫౌంటెన్‌కి ఏదో ఒక పక్కనే నిలబడాలి. ముందుకు రాకూడదు, నడిమికి అసలే రాకూడదు. రెండు పక్కలా కూడా నిలబడకూడదు. కుటుంబం మొత్తం వచ్చినా ఒకే పక్కన కుక్కేవాడు. రెండో పక్క ఖాళీ. కసాయి రిఫ్కీ మంచి భారీ మనిషి. పెళ్ళిరోజున పెళ్ళాంతో సహా వచ్చి నిలబడ్డాడు.

"ఇంకొంచెం పక్కకి, రిఫ్కీ."

"ఇంకా పక్కకి జరిగితే పక్క వీధిలో ఉంటాను ఉస్తా."

"నీ పొట్ట దానిమ్మకి అడ్డం వస్తోంది."

"నా పొట్టకి నీ దానిమ్మ అడ్డం వస్తోందనుకోవచ్చుగా?"

"దానిమ్మకి రెండువందల ఏళ్ళు. నీ పొట్టకెన్ని?"

ఫోటో వచ్చింది. రిఫ్కీ ఒక కన్ను, ఒక భుజం, పొట్టలో ఉత్తరార్ధం. పెళ్ళికూతురి మేలిముసుగు అంచు. మధ్యలో ఫౌంటెన్, పెళ్ళి దానిదేనన్నట్టు తళతళా మెరిసిపోతూ. "మిగతా పొట్ట ఏదీ?" అని రిఫ్కీ మూడు తరాలదాకా వినబడేట్టు అరిచాడు.

జర్మనీకి పనికి పోవడం మొదలైన రోజుల్లో ఒక కుర్రాడు తొందరలో పాస్‌పోర్టు ఫోటో కూడా ఉస్తా చేతే తీయించుకున్నాడు. మేకులు కదలవు కదా! ఫోటోలో ముఖం బఠాణీ గింజంత వచ్చింది. జర్మనీ వెళ్ళేవాళ్ళ నోట్లో పళ్ళు కూడా డాక్టర్లు పరీక్షించే రోజులవి. ఆఫీసులో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. "ఇందులో ఇద్దరున్నారు. వెళ్ళేది నువ్వా, ఫౌంటెనా? ఫౌంటెన్ అయితే దాని పళ్ళు డాక్టరుకి చూపించి రా" అన్నాడట. ఈ మాట వీధి చేరేసరికి ఇరవై రకాలుగా పెరిగింది. ఉస్తా మాత్రం, "పళ్ళు బాగానే ఉన్నాయి. నేను రోజూ చూస్తున్నా" అని ఊరుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం దారి తప్పుతాను. ఊరూరా తిరిగినవాడికి పాత పుస్తకాల కొట్లో దూరే జబ్బుంటుంది. అలా దూరి దూరి ఆ ఫౌంటెన్ పాత బొమ్మలు చాలా చూశాను. మొదట యూరప్‌నుంచి వచ్చిన చిత్రకారులు గీసినవి. వాటన్నిటిలోనూ తలపాగా చుట్టుకున్న ఒక మనిషి మెట్లమీద పడుకుని నిద్రపోతుంటాడు. ఒకరి బొమ్మ చూసి ఇంకొకరు గీసుకుంటూ పోయారు కాబోలు, నూరేళ్ళుగా వాడు లేవలేదు. పక్కన ఒక ఒంటె కూడా ఉంటుంది. మా వీధి మలుపు ఎరిగినవాడెవడూ అక్కడికి ఒంటెని ఎక్కించడు. ఆ తర్వాత కెమెరాలు వచ్చాయి. ఆ కాలం కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. కదిలేది ఏదీ పడదు. కాబట్టి ఆ ఫోటోల్లో మనిషన్నవాడే లేడు. పట్టపగలు, నీళ్ళకి జనం ఎగబడే వేళ, వీధి నిర్మానుష్యంగా ఉంటుంది. ఫౌంటెన్ నీడలో నిద్రపోతున్న కుక్క ఒక్కటే స్పష్టంగా పడింది. అంటే చిత్రకారులు లేనివాళ్ళని పెట్టారు. మొదటి ఫోటోగ్రాఫర్లు ఉన్నవాళ్ళని పోగొట్టారు. మా నజ్మీ ఉస్తా సగం సగం తీసి మధ్యేమార్గంలో ఉన్నాడని నేను టీ కొట్లో సిద్ధాంతం చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవారు. మగవాళ్ళందరూ నవ్వేవారు అనాలి. ఆడవాళ్ళు నవ్వేవారు కాదన్న సంగతి అప్పట్లో నేను గమనించలేదు.

అలా ఉండగా ఒక ఏడు మునిసిపాలిటీ ఫౌంటెన్‌కి మరమ్మత్తులు చేయించింది. గుమ్మటం కొత్త సీసం కప్పుకుంది. రాయి మసి వదిలింది. పని పూర్తయిన సందర్భంగా ఫౌంటెన్ పాత బొమ్మలన్నీ సేకరించి పెద్ద హాల్లో ప్రదర్శన పెడతామన్నారు. ఆ పని చూడడానికి నెర్మీన్ అనే ఆవిడ వచ్చింది. అందరూ గౌరవంగా నెర్మీన్ హనుమ్ అనేవారు. కళ్ళజోడు, బిగించి కట్టిన జుట్టు, చేతిలో ఎప్పుడూ భూతద్దం. తారీఖు లేని బొమ్మని ఊరూ పేరూ లేని మనిషిని చూసినట్టు అనుమానంగా చూసేది.

టీ కొట్లో ఎవరో ఉస్తా సంగతి చెప్పారు. ఆవిడ వచ్చి మేకులు చూసింది. దారం చూసింది. ముఖం వెలిగిపోయింది.

"పాతికేళ్ళుగా ఒకే చోటునుంచి తీస్తున్నారా? ఒక్క వేలెడు తేడా లేకుండా?"

"వేలెడు కాదమ్మా, వెంట్రుకవాసి లేదు."

"అన్నీ దాచారా?"

"అన్నీ హల్వా డబ్బాల్లో ఉన్నాయి."

"ఉస్తా, ఇలాంటిది ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. హాల్లో ఒక గోడ మొత్తం మీకే ఇస్తాను. పైన పెద్ద అక్షరాలతో మీ పేరు రాయిస్తాను."

ఉస్తా టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. సుల్తానులు కట్టించిన కట్టడం పక్కన తన పేరు! ఆ సాయంత్రం వీధిలో ఆయన నడిచిన నడక నేను చూశాను. చేపల కొట్టు దగ్గర ఆగాడు. రొట్టెల కొట్టు దగ్గర ఆగాడు. ఎవరూ అడక్కపోయినా, "గోడ" అనేవాడు. "ఒక గోడ. మొత్తం." వీధి కూడా ఒక్కసారిగా మాట మార్చింది. నిన్నటిదాకా సగం నజ్మీ అన్నవాళ్ళే పక్క వీధికి వెళ్ళి, "మా నజ్మీ ఉస్తా గోడ" అని చెప్పుకొచ్చారు. రిఫ్కీ అయితే తన పెళ్ళిఫోటోకి కొత్త ఫ్రేము కట్టించుకుని, "చరిత్రలో నా పొట్ట ఉంది" అన్నాడు.

కానీ మర్నాటినుంచి ఉస్తా తప్పించుకు తిరగడం మొదలుపెట్టాడు. నెర్మీన్ హనుమ్ డబ్బాలు చూపించమంటే పెట్టె తాళంచెవి పోయిందన్నాడు. ఇంకోరోజు చెమ్మ తగిలింది, ఆరాలన్నాడు. ఇంకోరోజు భార్య పెరిహాన్‌కి జ్వరమన్నాడు. ఆ మాట అంటుండగానే పెరిహాన్ సంచినిండా ఉల్లికాడలతో కొట్టుముందునుంచి నిక్షేపంలా నడిచివెళ్ళింది.

"గోడ ఇస్తామంటే గీర వచ్చింది చూశావా" అన్నాడు జెలాల్ నాతో.

నాకు అది గీరలా కనిపించలేదు. పెళ్ళిచూపులకి ఒప్పుకుని, పిల్ల ఇంట్లో లేదని అప్పుడు గుర్తొచ్చిన తండ్రిలా ఉన్నాడాయన.

పదిహేను రోజులు చూసి నెర్మీన్ హనుమ్ నేరుగా ఇంటికే బయల్దేరింది. దారి చూపించడానికి నేనూ, ఊరకుండలేక జెలాలూ వెంట వెళ్ళాం. తలుపు పెరిహాన్ తీసింది. మనిషి సన్నంగా ఉన్నా గొంతు మాత్రం ఓడ కూతలా ఉంటుంది.

"రండమ్మా రండి. ఈయన చెప్పడు, నేను చూపిస్తాను."

"పెరిహాన్!" అన్నాడు ఉస్తా లోపల్నుంచి.

"నువ్వుండు. పాతికేళ్ళు నోరు కట్టుకున్నాను. చాలు."

మంచం కిందనుంచి డబ్బాలు లాగింది. కొన్నిటిమీద 'ఎడమ' అని రాసుంది, కొన్నిటిమీద 'కుడి'. నెర్మీన్ హనుమ్ ఒక మూత తీసింది. ఒక నెగటివ్ ఎత్తి వెలుగుకి పట్టింది. ఇంకొకటి, ఇంకొకటి. చివరికి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

ఒక్కటీ నిండుగా లేదు. ప్రతి కాగితమూ కత్తెరతో నిలువునా, సరిగ్గా నడిమి కుళాయి మీదుగా కోసేసి ఉంది. సగం ఫౌంటెన్, పక్కన ఒక మనిషి. వెయ్యి సగాలు.

"ఫౌంటెన్‌ని... కోశారా?" అంది ఆవిడ.

"ఉస్తా!" అని జెలాల్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "నా పొట్టని కోశావు, సరే. రిఫ్కీ పొట్టని కోశావు, మంచిదే. ఫౌంటెన్‌ని కోయడానికి చేతులెలా వచ్చాయి నీకు?"

ఉస్తా కిటికీవైపు తిరిగాడు. చెప్పింది పెరిహానే.

"మునిరె అనే ఆవిడ కొడుకు కొరియా యుద్ధానికి పోయాడు. పోయేముందు ఈయన దగ్గర ఫోటో దిగాడు. ఫౌంటెన్ ముందు, నడిమధ్యలో, రాజులా నిలబెట్టి తీశాడీయన. అప్పట్లో ఈయన కూడా అందరిలాగే తీసేవాడు. కుర్రాడు తిరిగి రాలేదు. వాడికి కొడుకు పుట్టాడు. మునిరె ఆ పసివాణ్ణి ఎత్తుకొచ్చి, తండ్రీకొడుకుల్ని ఒక్క ఫోటోలో కలపమంది. ఈయన మూడు రోజులు తంటాలు పడ్డాడు. ఒకటి దగ్గర్నుంచి తీసింది, ఇంకొకటి దూరంనుంచి. ఒకదాంట్లో గుమ్మటం ఎత్తు, ఇంకోదాంట్లో పల్లం. కలిస్తేనా? ఆవిడ పర్వాలేదు నాయనా అని వెళ్ళిపోయింది. నాలుగోరోజు పొద్దున్న ఈయన మేకులు కొన్నాడు."

నేను మెల్లగా అర్థం చేసుకుంటున్నాను. వెళ్ళేవాళ్ళని ఎడమవైపు నిలబెట్టాడు. ఉండేవాళ్ళని కుడివైపు. కెమెరా కదలకపోతే, ఫౌంటెన్ కదలకపోతే, ఏ ఏడాది ఎడమ సగాన్నైనా ఏ ఏడాది కుడి సగంతోనైనా అంచుకి అంచు కలిపి పలకమీద పెట్టి ఒక్క ఫోటో చేయొచ్చు. సైన్యానికి పోయినవాడు, ఓడెక్కినవాడు, జర్మనీ పోయినవాడు, ఎవరైనా సరే వచ్చి తన వాళ్ళ పక్కన నిలబడతాడు. మధ్యలో దానిమ్మలు అతుకు దాచేస్తాయి.

"మరి కోయడం దేనికి? ఒకదానిమీద ఒకటి పెట్టొచ్చుగా?" అంది నెర్మీన్ హనుమ్.

"అంచు నీడ పడుతుందమ్మా" అన్నాడు ఉస్తా, పనిమాట వచ్చేసరికి ఇటు తిరిగి. "నీడ పడితే ఇద్దరి మధ్యా గోడ కట్టినట్టుంటుంది."

"ఈ సంగతి ముందే చెబితే ఎవరు నవ్వేవారు ఉస్తా?" అన్నాను.

"ఏమని చెప్పను ఇండియా తమ్ముడూ? రైలెక్కబోయే కుర్రాడితో, 'నువ్వు రాకపోతే నీ పెళ్ళానికి పనికొస్తావు, ఎడమవైపు నిలబడు' అనమంటావా? అలా అంటే నిలబడతాడా? నిలబడ్డా ఆ ముఖం ఎలా పడుతుంది? అందుకే ఫౌంటెన్‌కి అడ్డం రాకు, వెధవా అనేవాణ్ణి. తిట్టుకుంటూ జరిగేవాడు. తిట్టుకునేటప్పుడు ముఖం బాగా పడుతుంది."

"నడిమి గీత దాటకపోతే చాలు కదా. మరి చెవులు పోయేంత దూరం ఎందుకు నెట్టావు?" అన్నాను.

ఉస్తా కొంచెం సిగ్గుపడ్డాడు. "అది మాత్రం ఫౌంటెన్ మీద ప్రేమ. అందులో అబద్ధం లేదు."

నెర్మీన్ హనుమ్ డబ్బా మూత పెట్టింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ పని దగ్గర ఆవిడ ఆవిడే. "ఉస్తా, మీకు దండం పెట్టాలనుంది. కానీ ప్రదర్శనకి నాకు నిండు బొమ్మలు కావాలి. సగాలు గోడకెక్కించలేను."

"తెలుసమ్మా" అన్నాడు ఉస్తా. "గోడ ఇంకెవరికైనా ఇవ్వండి." టోపీ తీశాడు. ఈసారి దులపలేదు, పక్కన పెట్టేశాడు.

డబ్బాలు సర్దుతుంటే ఎడమవాటిలో నా ముఖం కూడా ఒకటి కనిపించింది. పదమూడేళ్ళ కిందటిది. దాన్ని మళ్ళీ డబ్బాలోనే పెట్టేశాను.

జెలాల్ నోట ఏదీ ఆగదు. ఇంటికి చేరకముందే వీధంతా తెలిసిపోయింది. తెలిసింది మగవాళ్ళకి. ఆడవాళ్ళకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఒక్కొక్కరిచేతా ఉస్తా మాట తీసుకున్నాడు. మగవాళ్ళకి తెలిస్తే ఎడమవైపు ఎవడూ నిలబడడని వాళ్ళూ పెదవి విప్పలేదు. ఒక వీధి వీధంతా ఆడవాళ్ళు ఒక రహస్యాన్ని ఇరవై ఏళ్ళు కాపాడారంటే, మా నార్లీ వీధి గొప్పతనం ఫౌంటెన్ ఒక్కదానిదే కాదని నేను ఈనాటికీ ఎక్కడికి వెళ్ళినా చెబుతుంటాను.

మర్నాడు పొద్దున జెలాల్ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో వాళ్ళ అమ్మ గదిలోని ఫోటో.

"ఇది చూడు! మా తమ్ముడు ఓడలోకి పోయి పన్నెండేళ్ళు. అమ్మ పక్కన నిలబడ్డాడు. పదేళ్ళుగా రోజూ చూస్తున్నా దీన్ని. ఇటుపక్క ట్రాము తీగలున్నాయి, అటుపక్క లేవు. నేనేమనుకున్నానో తెలుసా?"

"ఏమనుకున్నావు?"

"ట్రాము అక్కడితో ఆగిపోయేదేమో అనుకున్నా."

అప్పటికే ప్రదర్శన హాల్లో నెర్మీన్ హనుమ్ బల్లముందు వరస కట్టారు ఆడవాళ్ళు. ఒక్కొక్కరి చంకలో ఒక ఫ్రేము. పడకగదుల్లోంచి, ప్రార్థన తివాచీల అరల్లోంచి, బీరువాల అడుగునుంచి తీసినవి. మధ్యాహ్నానికి అరవై దాటాయి. రిఫ్కీ భార్య ముందుకొచ్చి, "గోడ ఆయనదే. సగాలు వద్దన్నావుగా, ఇవిగో నిండువి" అంది.

నెర్మీన్ హనుమ్ భూతద్దం తీసింది. ఒక ఫోటోలో ఎడమవైపు చెట్టు మోడు, కుడివైపు అదే చెట్టు చిగురు. ఇంకోదాంట్లో ఒకవైపు చూరు విరిగి ఉంది, ఇంకోవైపు బాగుచేసి ఉంది. మరోదాంట్లో ఒక కుక్క ఎడమవైపు పిల్ల, కుడివైపు ముసలిది.

"ఇవి నిండువే. కానీ వీటికింద ఏ సంవత్సరమని రాయను?" అంది తల పట్టుకుని. "తారీఖు లేకుండా నేను దేన్నీ గోడకి ఎక్కించలేదు, ఎక్కించను."

"రెండూ రాసెయ్యమ్మా. ఒక్క తారీఖుతో సరిపెట్టుకునేవి కావు మావి" అంది జెలాల్ తల్లి.

నెర్మీన్ హనుమ్ చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఉస్తాని పిలిపించి, కలం తీసి, ఒక్కొక్కటే అడిగి రాయడం మొదలుపెట్టింది. మూడు రోజులు పట్టింది. ఉస్తాకి ఏ సగం ఏ నెలలో తీశాడో కూడా గుర్తుంది.

జూలైలో ప్రదర్శన తెరిచారు. ఒంటెల బొమ్మలు ఒక గోడ, కుక్క ఫోటోలు ఒక గోడ. మూడో గోడమీద పెద్ద అక్షరాలతో: నజ్మీ ఉస్తా, నార్లీ వీధి. ఒక్కో ఫోటో కింద రెండేసి తారీఖులు. దేశంలో ఇలా రాసిన ప్రదర్శన ఇంకొకటి లేదని నెర్మీన్ హనుమ్ పేపరువాళ్ళతో గట్టిగా చెప్పింది. జనం ఒంటెల దగ్గర ఒక్క క్షణమే ఆగారు. ఈ గోడ దగ్గర ఇసుక వేస్తే రాలలేదు. ఉస్తా టోపీ పెట్టుకుని గోడపక్కన నిటారుగా నిలబడ్డాడు. నేను ఎందరో గొప్పవాళ్ళని వాళ్ళ వాళ్ళ బొమ్మల పక్కన చూశాను కానీ, అంత నిటారుగా నిలబడ్డవాణ్ణి చూడలేదు.

అప్పుడు హాజెర్ వచ్చింది, భర్త దుర్ముష్‌తో, ఎనిమిదేళ్ళ కూతురు గుల్చిన్‌తో. దుర్ముష్ స్టుట్‌గార్ట్‌లో కార్ల కర్మాగారంలో పని చేస్తాడు. ఎనిమిదేళ్ళలో సెలవుమీద రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు పిల్ల పాకుతోంది. ఈసారి వచ్చి మూడు రోజులైనా పిల్ల దగ్గరికి రావడంలేదని, పరాయివాణ్ణి చూసినట్టు తలుపుచాటునుంచి చూస్తోందని, నిన్ననే జెలాల్ దగ్గర గ్లాసు ముందుపెట్టుకుని దిగులుపడ్డాడు.

గోడమీద తమ ఫోటో ముందు ఆగిపోయాడు. ఎడమవైపు తను, మందపాటి కోటు, చేతిలో చెక్క సూట్‌కేసు. కుడివైపు హాజెర్, పక్కన నల్లగౌనూ తెల్లకాలరూ వేసుకున్న పిల్ల, బడికి వెళ్ళిన మొదటి రోజు.

"ఇదేమిటి? పోయిన సెప్టెంబరులో నేను స్టుట్‌గార్ట్‌లో ఉన్నాను" అన్నాడు దుర్ముష్.

"లేవు" అంది గుల్చిన్. ఇంటికి వచ్చాక ఆయనతో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదేనని హాజెర్ తర్వాత చెప్పింది. "ఇక్కడే ఉన్నావు. నన్ను బళ్ళో దింపడానికి వచ్చావు. నాకు గుర్తుంది."

దుర్ముష్ భార్యవైపు చూశాడు. ఆమె ఫోటోవైపు చూసింది. ఉస్తావైపు చూశాడు. ఉస్తా టోపీ సర్దుకుంటూ కప్పువైపు చూశాడు. కింద రెండు తారీఖులూ స్పష్టంగా రాసే ఉన్నాయి, కానీ అవి పెద్దవాళ్ళ కళ్ళ ఎత్తులో ఉన్నాయి.

"సూట్‌కేసుతో వచ్చావు, చూడు" అంది పిల్ల, వేలు పెట్టి చూపిస్తూ.

"అవును. వచ్చాను" అన్నాడు దుర్ముష్, కాస్త ఆగి.

పిల్ల ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. ఫోటోలోకీ ఆయన ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

"మరి మేమందరం ఎండకి చెమటలు కక్కుతుంటే నువ్వు కోటెందుకు వేసుకున్నావు నాన్నా?"

దుర్ముష్ వంగి, పిల్లని ఎత్తి భుజంమీద కూర్చోబెట్టుకున్నాడు.

"జర్మనీనుంచి తిన్నగా వచ్చేశాను కదమ్మా. అక్కడ చలి."